వేలాడే ఇరుసుకి తీసిన కొలత

అమెరికాలో, బెంటన్‌విల్‌లోని మా చిన్న తెలుగు చర్చివాళ్ళు ఇద్దరూ, డాలస్ వైపు నుంచి ఒకరూ, మొత్తం ముగ్గురు మగవాళ్ళు కలిసి ఒక పాత జీప్‌ను తిరిగి కట్టారు. "కట్టడం" అన్నది వాళ్ళ మాట. మూడు వేర్వేరు బళ్ళలోంచి ఊడదీసిన భాగాలను ఒకదాని పక్కన ఒకటి బిగించి పైన ఆలివ్ పచ్చ రంగు వేయడాన్ని కట్టడం అనవచ్చునా అన్నది నాకు ఇప్పటికీ సందేహమే. రంగు మాత్రం బాగా కుదిరింది. వాళ్ళు చేసిన మొత్తం పనిలో అంతటా ఒకే మందంగా ఉన్నది ఆ రంగు పొర ఒక్కటే.

జీప్ యజమానిని అల్లుడుగారు అంటాను. ఆయనకు వేరే గుర్తింపులు లేకపోలేదు. ఒక పెద్ద రిటైల్ సంస్థకు కాంట్రాక్టు మీద పనిచేసే ప్రాజెక్టు మేనేజరు, చర్చిలో ప్రకటనలు చదివే మనిషి. కానీ నేను చెప్పబోయేదానిలో ముఖ్యమైన వ్యక్తి ఆయన అత్తగారు. ఆమెతో చుట్టరికమే ఆయనకు ఇక్కడ చోటు ఇచ్చింది.

పనిని వాళ్ళు ఆఫీసులో పంచుకున్నట్టే పంచుకున్నారు. ఇంజనూ, బండి చట్రమైన చాసిస్సూ పాత జీప్‌వే. గేర్‌బాక్స్‌నూ, దాని వెనక ఉండి శక్తిని ముందు వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌నూ డాలస్ పక్కన కాపెల్‌లో ఉండే అల్లుడుగారి బావగారు వెతికి పంపారు. అవి రెండూ ఇంకో కంపెనీ ట్రక్కులోవి. వెనక ఇరుసు అంతకన్నా పెద్ద బండిది; అది అల్లుడుగారి బాధ్యత. జీప్‌ను ఎత్తు లేపే కొత్త స్ప్రింగులు, నల్గొండ నుంచి వచ్చిన, చర్చిలో అందరం తమ్ముడు అని పిలిచే కుర్రాడి బాధ్యత. ఎవరి భాగం వాళ్ళు ముగించి, వాట్సాప్ గ్రూపులో "డన్" అని పెట్టి, బొటనవేళ్ళు పైకెత్తుకున్నారు. కాపెల్ బావగారు వీడియో కాల్‌లోనే పర్యవేక్షించారు. ఆయన ఉద్యోగ హోదాలో ఆర్కిటెక్ట్ అన్న మాట ఉంది. ఆ మాటను ఆయన ఇంటికి కూడా తెచ్చుకుంటారు.

ఈ పంపకంలో ఒక వస్తువు ఎవరికీ రాలేదు. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి వెనక ఇరుసుకు తిరుగుడు అందించే ఉక్కు గొట్టం అది. మన లారీల కింద ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటాం, ఇక్కడ డ్రైవ్‌షాఫ్ట్ అంటారు. ఒక కొస కాపెల్ బావగారి భాగానికీ ఇంకో కొస అల్లుడుగారి భాగానికీ తగులుతుంది, వంపు తమ్ముడి స్ప్రింగుల ఎత్తును బట్టి మారుతుంది. ముగ్గురికీ సంబంధించినది కాబట్టి ఎవరికీ సంబంధం లేకుండా పోయింది. చివర్లో ఎవరో ఒక పొడుగు చెప్పి ఊళ్ళో షాఫ్టులు చేసే షాపులో చేయించుకొచ్చారు. షాపువాడు అడిగిన పొడుగుకు చేసిచ్చాడు.

అమెరికా రాకముందు నేను చెన్నై శివార్లలో ఇలాంటి షాఫ్టులు తయారుచేసే ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేశాను. ఇక్కడ దుకాణాల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షిస్తాను. రెండు ఉద్యోగాల్లోనూ నా జీతం ఒకే పనికి: ఇది పనిచేస్తుంది అని ఎవరైనా అన్నప్పుడు, ఎక్కడెక్కడ పనిచేయదో అడగడం. చర్చిలో ఈ సంగతి అందరికీ తెలుసు. జీప్ కడుతున్నంత కాలం ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. గ్యారేజీలోకి నన్ను పిలిచింది టీ గ్లాసులు తీసుకురావడానికి మాత్రమే.

ఇక అత్తగారి సంగతి. ఆమెది భీమవరం దగ్గర ఊరు. పసితనంలో నుదుటిమీద నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇచ్చే సంఘంలో పుట్టింది. క్రితం ఏడు గుండె ఆపరేషను అయ్యాక ఆమెకు ఒక పట్టుదల వచ్చింది: పారే నీళ్ళలో, నిండా మునిగి, తెలిసి తీసుకున్న బాప్తిస్మం కావాలి. అక్కడ పిల్లలు డాక్టరు పేరు చెప్పి వాయిదా వేశారు. కూతురి దగ్గరకు వచ్చాక ఆమె నేరుగా పాస్టరుగారినే అడిగింది. మా చర్చి అద్దెకు తీసుకునే హాలులో బాప్తిస్మానికి వాడే ఒక ఫైబర్ తొట్టి ఉంది. దాన్ని చూసి ఆమె, "ఇందులో మా ఇంటి దగ్గర గేదెలకి కుడితి పోస్తాం అయ్యగారూ," అంది. తొట్టి సంగతి అక్కడితో ముగిసింది.

బెంటన్‌విల్‌కు కొంత దూరంలో నది ఉంది. అక్కడికి పడవలు దింపడానికి ప్రభుత్వం వేసిన సిమెంటు వాలు ఉంది, దాని దాకా తారు రోడ్డు ఉంది, ఏ మినీవ్యానైనా వెళుతుంది. అల్లుడుగారు ఆ చోటును పరిగణించలేదు. ఆయనకు ఇంకో చోటు దొరికింది: కొండవాలు మీద గులకరాళ్ళ బాట దిగి, ఒక వాగు దాటి చేరుకునే ఇసుకతిన్నె. అక్కడికి మామూలు కారు పోదు. మోకాళ్ళు అరిగిన ఆడమనిషి నడవలేదు. జీప్ మాత్రమే పోతుంది. ఆదివారం ప్రకటనల్లో ఆయన ఈ మాట ఎంత వినయంగా చదివారంటే, జీప్ కోసం నదిని ఎంచుకున్న సంగతి అక్కడెవరికీ తట్టలేదు.

అత్తగారికి కూడా ఆ చోటే నచ్చింది, కానీ కారణం వేరు. "ఆ పడవల దగ్గర అందరూ చడ్డీలేసుకుని, బీర్లు తాగుతా ఉంటారంటగా," అంది నాతో. "తెల్లచీర కట్టుకుని, తడిసి, వాళ్ళ ముందర నిలబడాలా? నేను ఇంతకాలం ఆగింది అందుకా?" ఈ అభ్యంతరం న్యాయమైనది. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు, ఇప్పుడూ తీసుకోను.

బాప్తిస్మానికి ముందురోజు శనివారం, మర్నాడు చర్చివాళ్ళందరం కలిసి తినే ప్రేమవిందు కోసం ఆడవాళ్ళం అల్లుడుగారి ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాం. అత్తగారు గ్యారేజీ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపల జీప్ నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. నేను టీ ఇచ్చి, ఖాళీ గ్లాసుల కోసం ఆగిన ఆ కాస్త సేపట్లో వంగి కిందికి చూశాను. ఎత్తుగా లేపిన జీప్ కాబట్టి పెద్దగా వంగనక్కరలేదు.

డ్రైవ్‌షాఫ్ట్ ఒకే గొట్టం కాదు. మధ్యలో పళ్ళు కోసిన జారుడు కీలు ఉంటుంది. ఒక ముక్క ఇంకో ముక్కలో దూరి, లోపలికీ బయటికీ జారుతుంది. చక్రం గుంటలో పడితే ఇరుసు కిందికి వేలాడుతుంది, షాఫ్ట్ సాగాలి. చక్రం రాయి ఎక్కితే ఇరుసు పైకి వస్తుంది, షాఫ్ట్ ముడుచుకోవాలి. రెండు వైపులా చోటు ఉండాలి. ఈ జీప్‌లో ముడుచుకోవడానికి మిగిలిన చోటు నా బొటనవేలి వెడల్పుకన్నా తక్కువగా ఉంది. జీప్ అప్పటికి ఖాళీగా ఉంది.

"ఈ షాఫ్ట్ పొడుగు ఎవరు కొలిచారండీ?" అన్నాను.

అల్లుడుగారు గ్లాసు పక్కన పెట్టారు. "కాపెల్ బావ చెప్తుంటే నేనే కొలిచాను. ఏమక్కా?"

"ఎలా కొలిచారు?"

"స్టాండ్ల మీద పెట్టి. చాసిస్ కింద నాలుగు స్టాండ్లు, కింద దూరడానికి ఈజీగా ఉంటుందని."

"అంటే చక్రాలు గాల్లో ఉన్నాయి."

"గాల్లోనే. అదే కరెక్ట్ మెథడ్ అన్నాడు బావ." ఆయన ఫోన్ తీసి వీడియో కలిపారు. సందేహం వస్తే స్వయంగా ఆలోచించకుండా కాపెల్‌కు పంపడం అక్కడి పద్ధతి.

తెరమీద కాపెల్ బావగారు ఏదో తింటూ కనిపించారు. "వందనాలు సిస్టర్. ఇది బేసిక్ లాజిక్. యాక్సిల్ వేలాడితే డిస్టెన్స్ మాక్సిమమ్. మాక్సిమమ్‌కి ఫిట్ అయితే దాని లోపల అన్నిటికీ ఫిట్ అయినట్టే."

"ఎదిగే పిల్లాడికి చొక్కా కొన్నట్టు అక్కా," అన్నారు అల్లుడుగారు. "ఒక సైజు పెద్దదే తీసుకుంటాం కదా. ఊడిపోదు, చాలకుండా పోదు."

వాళ్ళ తప్పు ఇంతకన్నా స్పష్టంగా నేను చెప్పలేను. మా తరం పిల్లలందరం మోచేతులు దాటిన చొక్కాల్లో బడికి వెళ్ళినవాళ్ళమే. పెద్దది కొంటే క్షేమం అన్న ఆ నమ్మకం ఇంజనీరింగ్ కాలేజీ దాటి, సముద్రం దాటి, ఈ గ్యారేజీలోకి వచ్చి ఉక్కు గొట్టం రూపం తీసుకుంది.

"సాగడానికి హద్దు చూశారు," అన్నాను. "ముడుచుకోవడానికి హద్దు ఎవరు చూశారు?"

"ముడుచుకుంటే లోపలికి జారుతుంది సిస్టర్. స్లిప్ ఉన్నదే అందుకు."

"ఎంత జారుతుంది?"

"జారినంత," అన్నారు బావగారు.

పట్టా పుచ్చుకున్న ఇంజనీరు నోట "జారినంత" అనే కొలమానాన్ని నేను వినడం అదే మొదటిసారి.

స్ప్రింగుల తమ్ముడు జీప్ బానెట్ మీద చెయ్యి వేసి నవ్వాడు. "ఏం గాదక్కా. హైవే మీద తోలి చూసినం. మస్తు స్మూత్‌గ పోయింది. రేపు మెల్లగ దిగుడే కదా, మనమేమన్న రేసుకు పోతున్నమా?"

హైవే నున్నగా ఉంటుంది. నున్నని రోడ్డు మీద ఇరుసు అంగుళం కూడా కదలదు. సగం తెరిచిన తలుపు కిర్రుమనలేదు కాబట్టి పూర్తిగా తెరుచుకుంటుందని చెప్పడం లాంటిది ఆ పరీక్ష. ఈ మాట నేను పైకి అనలేదు. అంటే ముగ్గురూ నాకు నెమ్మదిగా, ఓపికగా, ఇంకోసారి అంతా వివరించి ఉండేవారు.

అత్తగారు గుమ్మంలోంచి పిలిచింది. "ఏంటమ్మాయ్, ఆ గొట్టం సంగతి?"

"మడత గొడుగు కాడ లాంటిదండీ. కొంత దాకా లోపలికి పోతుంది. పూర్తిగా ముడుచుకున్నాక ఇంకా నొక్కితే ఏమవుతుంది?"

"కాడ వంగుద్ది. లేకపోతే పిడి ఊడుద్ది."

"ఇక్కడ కాడ వంగదు, గట్టిది. పిడి అంటే పైనున్న ఆ ఇనప పెట్టె. అది పగులుతుంది."

"పగిలితే?"

"షాఫ్ట్ ఊడి కింద కొట్టుకుంటుంది. వెనక చక్రాలకూ ఇంజనుకూ సంబంధం పోతుంది. వాలులో గేరు పట్టి ఆపేది ఉండదు, బ్రేకుల మీదే ఆధారపడాలి."

"మరి నన్ను కూర్చోబెట్టేది ఎక్కడ?"

"దాని పైన, కుడి పక్క సీటులో."

ఆమె కుర్చీని ఒక జానెడు ముందుకు జరుపుకుంది. "చూపించు," అంది. అల్లుడుగారు ఏదో అనబోయారు. అత్తగారు చెయ్యి ఎత్తింది. ఆ ఇంట్లో ప్రాజెక్టు మేనేజరు ఎవరో నాకు అప్పుడు తెలిసింది.

చూపించడానికి పెద్ద సరంజామా అక్కరలేదు. చక్రాలకు అటూ ఇటూ చెక్కదిమ్మలు పెట్టించాను. చెన్నై నుంచి తెచ్చుకున్న నా వెర్నియర్ కొలబద్ద కారులోనే ఉంటుంది. అట్టపెట్టె చింపి నేల మీద పరుచుకుని కింద పడుకున్నాను. షాఫ్ట్ జారుడు కీలులో లోపలికి పోవడానికి మిగిలిన చోటు అర అంగుళం. ఇరుసుకీ, ఇరుసు పైకి వచ్చినప్పుడు ఆపడానికి చాసిస్‌కు బిగించిన రబ్బరు దిమ్మకీ మధ్య నాలుగు అంగుళాలు. అంటే ఇరుసు ఇంకా నాలుగు అంగుళాలు పైకి రావచ్చు. ఆ ప్రయాణంలో షాఫ్ట్ ఎంత ముడుచుకోవాలన్నదే ప్రశ్న. దాని వంపును బట్టి ముప్పావు అంగుళం పైనే అని నా లెక్క. నా లెక్కను వాళ్ళు ఒప్పుకోనక్కరలేకుండా, జారుడు కీలు మీద, వైర్లు కట్టే సన్నని ప్లాస్టిక్ టై ఒకటి బిగించాను. షాఫ్ట్ ముడుచుకున్నకొద్దీ అది వెనక్కి నెట్టబడుతుంది, అబద్ధం చెప్పదు.

"ఇప్పుడు బరువు ఎక్కించండి," అన్నాను.

ప్రేమవిందు కోసం తెచ్చిన బియ్యం బస్తాలు గోడ వారగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే జీప్ వెనక వేశారు. చాలలేదు. అల్లుడుగారూ, తమ్ముడూ ఎక్కారు. ఉల్లిపాయలు తరుగుతున్నవాళ్ళ భర్తలను ఇద్దరిని కూడా పిలిచి ఎక్కించాం. నలుగురు మగవాళ్ళు, సోనామసూరి బస్తాల మీద, పెళ్ళివారిలా కూర్చున్నారు. ఎదురుగా స్టాండు మీద ఫోన్‌లో కాపెల్ బావగారు.

"కొంచెం ఊగండి," అన్నాను కింద నుంచి.

ఊగారు. మూడో ఊపుకు ఒక చప్పుడు వచ్చింది. పెద్దది కాదు, ఇనుము మీద ఇనుము, లోపలెక్కడో, పొడిగా. పైన అందరూ ఊగడం మానేశారు.

ప్లాస్టిక్ టై కీలు చివరికి పోయి ఆగింది. షాఫ్ట్‌కు ఇక పోవడానికి చోటు లేదు. ఇరుసుకీ రబ్బరు దిమ్మకీ మధ్య ఇంకా ఒకటిన్నర అంగుళం ఖాళీ ఉంది. ఇరుసును ఆపవలసిన రబ్బరు దిమ్మ తీరిగ్గా పైన ఉంది. ఆ పని షాఫ్ట్ చేస్తోంది, ట్రాన్స్‌ఫర్ కేస్‌ను వెనక నుంచి గుద్దుతూ. ఇది గ్యారేజీ నేల మీద, బియ్యంతో. రేపు ఇదే వాలులో, రాళ్ళ మీద.

"నీకు కనపడిందా?" అని అత్తగారు అల్లుణ్ణి అడగలేదు, నన్ను అడిగింది. కనపడిందన్నాను. నా సెల్‌ఫోన్‌లో తీసిన ఫోటో చూపించాను. ఆమె కళ్ళజోడు సరిచేసుకుని, ఆ టైని, ఖాళీని, చాలాసేపు చూసింది.

"మైనర్ ఇష్యూ అక్కా," అన్నారు అల్లుడుగారు బియ్యం మీద నుంచి. "సోమవారం షాపుకిచ్చి ఒక అంగుళం కట్ చేయిస్తే అయిపోతుంది. రేపటికి మాత్రం జాగ్రత్తగా తోలతాను."

"అంగుళమని ఎలా తెలుసు?"

"ఉజ్జాయింపుగా."

"నేల మీద, అందరూ ఎక్కాక కొలవండి. ఆ తర్వాత పూర్తిగా నొక్కి కొలవండి, పూర్తిగా వేలాడదీసి కొలవండి. మూడు చోట్లా చోటు మిగిలే పొడుగు చేయించండి. ఉజ్జాయింపుగా తగ్గిస్తే ఈసారి గుంటలో ఊడి వస్తుంది."

ఫోన్‌లోంచి బావగారు, "సిస్టర్, థియరిటికల్‌గా మీరు కరెక్టే, కానీ ప్రాక్టికల్‌గా..." అంటున్నారు. ఇనుము మీద ఇనుము మోగిన చప్పుడు ఆయనకు కాపెల్ దాకా వినిపించే ఉంటుంది. దాన్ని థియరీ అన్నారు.

అత్తగారు ఫోన్ నాకు తిరిగి ఇచ్చింది. నాకు ఆమె మొహంలో కనపడుతున్నది జీప్ అంటే భయం కాదు. ఎవరూ లేని ఇసుకతిన్నె చేజారిపోతోంది. బుధవారం ఆమె విమానం. ఈ ఆదివారం కాకపోతే ఇక్కడ లేదు, అక్కడికి వెళితే పిల్లలు మళ్ళీ డాక్టరు పేరు చెబుతారు. జీప్ ఎక్కొచ్చు అని నేను ఒక్క మాట అంటే ఆమె ఎక్కుతుంది. ఆ మాటే ఆమె అడిగింది కూడా.

"మెల్లగా పోతే ఎక్కొచ్చా అమ్మాయ్? నిజం చెప్పు."

"వద్దండీ."

ఆమె తల ఊపింది. "అయితే ఆ పడవల దగ్గరికే పోదాం. చూసేవాళ్ళు చూస్తారు. నా తల పోవాల్సింది నీళ్ళలోకి, కొండ కిందికి కాదు." తర్వాత అల్లుడి వైపు తిరిగి, "బియ్యం దింపండి. పొద్దున్నే వండాలి," అంది.

మర్నాడు ఆరాధన ముగిశాక అందరం నదికి వెళ్ళాం. అత్తగారు నా మినీవ్యాన్‌లో ముందు సీటులో కూర్చుంది, తెల్లచీర, ఒళ్ళో తువ్వాలు. అల్లుడుగారు జీప్ లేకుండా రావడానికి ఒప్పుకోలేదు. తారు రోడ్డే కదా అన్నారు. పొద్దుట మళ్ళీ కాపెల్‌తో మాట్లాడారట. తారు రోడ్డుకు అనుమతి వచ్చిందట. స్ప్రింగుల తమ్ముడితో పాటు ఇంకో ముగ్గురిని ఎక్కించుకుని, మా తర్వాత కాసేపటికి బయల్దేరారు.

పడవల వాలు దగ్గర ఆమె భయపడ్డవన్నీ ఉన్నాయి: చడ్డీలు, బీరు డబ్బాలు, పాటలు. పాస్టరుగారు నడుము లోతు నీళ్ళలో నిలబడ్డారు. సిమెంటు వాలు మీద నేనూ, ఆమె కూతురూ ఆమెకు చెరోవైపు. పక్కన పడవ దించుకుంటున్న ఒక లావుపాటి తెల్లాయన మమ్మల్ని చూసి, సంగతి అర్థమై, రేడియో కట్టేసి టోపీ తీశాడు. అతని చూపులో వింతేమీ లేదు. ఆ ప్రాంతంలో నదిలో మునగడం వాళ్ళకూ అలవాటే. అత్తగారి చెయ్యి నా చేతిలో కాస్త వదులైంది.

పార్కింగు స్థలం ముఖద్వారంలో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. మా వ్యాన్ దాని మీద నెమ్మదిగా ఎక్కి దిగింది. నీళ్ళు మా పాదాలకు తగులుతున్నప్పుడు వెనక నుంచి జీప్ దాని మీదకు వచ్చింది, అల్లుడుగారు ఆలస్యమైందని కాస్త వేగంగా. నిన్నటి చప్పుడే, ఈసారి పెద్దగా. తర్వాత చిట్లిన చప్పుడు. తర్వాత ఏదో కింద ఈడ్చుకుంటూ వచ్చి ఆగింది.

అత్తగారు వెనక్కి తిరగలేదు. "అదేనా?" అంది.

"అదేనండీ."

"ఊఁ," అంది. కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. "పద."

ఆమె ముక్కు మూసుకోలేదు. పాస్టరుగారు ముంచినప్పుడు నీళ్ళు ఆమె మీద కలుసుకున్నాయి, మళ్ళీ విడిపోయాయి. పైకి లేచాక ఆమె నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంది, అంతే. ఏడవలేదు, మాకు ఏడుపు వచ్చింది. టోపీ ఆయన కూడా ఆమెన్ అన్నాడు.

ఒడ్డు ఎక్కి వచ్చేసరికి జీప్ అడ్డంగా ఆగి ఉంది. కింద ట్రాన్స్‌ఫర్ కేస్ నూనె తారు మీద నల్లగా పరుచుకుంటోంది. షాఫ్ట్ ఒక కొస నేలకు ఆని ఉంది. బంపరు కింద నుంచి రెండు జతల బూట్లు కనపడుతున్నాయి. ఒక జత పాలిష్ చేసిన ఆదివారం బూట్లు, అల్లుడుగారివి. లోపల నుంచి, "ఆయిల్ సీల్ పోయినట్టుంది," అన్నారాయన.

"స్పీడ్ బ్రేకర్ హైట్ ఎక్కువున్నదన్న. స్టాండర్డ్ కాదు గిది," అన్నాడు తమ్ముడు.

పక్కన తారు మీద ఫోన్ వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని చూస్తోంది. అందులోంచి కాపెల్ బావగారు, "కెమెరా తిప్పండి, ఏమీ కనపడట్లేదు. ఒకసారి స్టాండ్ల మీద పెట్టి కొలత చెప్పండి," అంటున్నారు.

అత్తగారు ఆ బూట్ల దగ్గర ఆగింది. "అల్లుడుగారూ, నేను మునిగి లేచాను. మీరెప్పుడు లేస్తారు?"

బూట్లు ఇంకొంచెం లోపలికి జరిగాయి. ఆమె కొంగు ముందుకు లాక్కుని, రెండు చేతులా గట్టిగా పిండుకుంది. నది నీళ్ళు ధారగా ఫోన్ మీద పడ్డాయి. కావాలని పిండిందని నేను అనను.